హేమలత చింపిన ఏప్రిల్ కాగితాలు

పుంగనూరు చుట్టుపక్కల పల్లెల్లో హేమలతను పేరుతో పిలిచేవాళ్ళు తక్కువ. అందరికీ ఆమె "కళ్ళద్దాలామె". భుజాన వేలాడే సంచిలో పదిహేను జతల చత్వారపు అద్దాలు, ఒక్కో బొమ్మకు ఒక్కో కథ చెప్పే పెద్ద బొమ్మల పుస్తకం, గుప్పెడు కరపత్రాలు, ఆఫీసువాళ్ళిచ్చిన ట్యాబు, అరచేతిలో ఇమిడే కథల పెట్టెలు నాలుగు ఉంటాయి. చదువు రానివాళ్ళు ఆ పెట్టె మీట నొక్కితే చాలు, బైబిలు కథలు వినిపిస్తాయి. పెట్టె నెత్తిన చిన్న సోలారు పలక ఉంటుంది. ఒక పూట ఎండలో పెడితే రెండు రోజులు మాట్లాడుతుంది. ఎవరు కనిపెట్టారో గానీ, కొందరు దాచుకుని వినాల్సిన వస్తువుకు ఎండను తిండిగా పెట్టాడు మహానుభావుడు!

మదనపల్లెలో ఒక చిన్న మిషను ట్రస్టు ఉంది. అందులో ఆమె తొమ్మిదేళ్ళుగా సువార్త పని చేస్తోంది. ఆమె నాన్న జీవితమంతా టమేటా తోటల్లో కూలికి వంగినవాడు. ఆ ఇంట్లో నెలజీతం తెచ్చిన మొదటి మనిషి హేమలతే. కూతురు అర్చన కుప్పంలో నర్సింగు చదువుతోందంటే ఆ జీతం మీదే. కాబట్టి ఆఫీసు ఏం చెప్పినా తల ఊపడం ఆమెకు అలవాటైపోయింది.

బోడిగుట్టపల్లెలో పాపక్క అనే డెబ్బై ఏళ్ళ ముసలామె ఉంది. పొలాలూ ఆవులూ ఉన్న ఇల్లు. ఊరి గంగమ్మ జాతరలో మొదటి పిండిదీపం ఎత్తే హక్కు తరతరాలుగా ఆ ఇంటి పెద్ద ఆడమనిషిదే. అద్దాల కోసం మొదలైన పరిచయం కథల పెట్టె దాకా వచ్చింది. పాపక్క ఆ పెట్టెను మిద్దె మీద ఆరబోసిన చింతపండు మధ్యలో, పలచటి తెల్లగుడ్డ కింద పెట్టి ఎండ తాపేది. మధ్యాహ్నం కోడలు రేఖ కునుకు తీస్తుండగా పక్కన కూర్చుని వినేది.

"గంగమ్మకి దీపమూ ఎత్తుతా, ఈ కతలూ ఇంటా. రెండూ నాకి కావల్సినవే," అనేది. "కానీ మా మరిది గంగులప్పకి తెలిసిందనుకో, దీపమూ పోతాది, పెట్టీ పోతాది. నువ్వు గమ్మున ఉండు మ్మే."

గంగులప్ప గుడి పెద్ద. చెడ్డవాడేం కాదు గానీ, ఊరి పద్ధతి దగ్గర మాత్రం ముక్కుసూటి మనిషి.

పోయిన ఏడాది ఆఫీసుకు చరణ్ అనే కొత్త కోఆర్డినేటర్ వచ్చాడు. వస్తూనే ట్యాబులో ఒక యాప్ పెట్టించాడు. పెట్టె ఇచ్చిన ప్రతి మనిషికీ ఒక ఫొటో ఎక్కించాలి. "ముఖాలు వద్దండీ, వాళ్ళకు ఇబ్బంది. చేతులు చాలు," అన్నాడు. ఎంత మంచి నియమం! పట్నంలో పుట్టినవాడికి చేయంటే చేయే కదా. హేమలతకూ అది బాగానే తోచింది. పాపక్కను అడిగితే, "సెయ్యే కదా, తీసుకో," అని ముందుకు చాపింది. ఆ పొద్దు ఇద్దరికీ బుద్ధి గడ్డి తినింది.

పాపక్క ముంజేతి మీద పచ్చబొట్టుంది. అది తేలు. తొమ్మిదేళ్ళప్పుడు కుప్పం దగ్గర పుట్టింట్లో పచ్చ పొడిచే ఆమె సగం పొడిచేసరికి, నొప్పికి తాళలేక చెయ్యి లాక్కుని పరుగెత్తింది. తేలుకు తోక పడలేదు. అరవై ఏళ్ళుగా అత్తింటి ఊరూ పుట్టింటి ఊరూ దాని మీద సరసాలాడుతూనే ఉన్నాయి. "తోక లేని తేలు" అంటే పాపక్కే. పల్లెలో చేతికీ ముఖం ఉంటుంది. అక్కడే పుట్టి పెరిగిన హేమలతకు ఆ సంగతి తెలియక కాదు, ఆఫీసు నియమం ముందు మరచిపోయింది.

డిసెంబరులో ఆఫీసు అచ్చు వేయించిన బొమ్మల క్యాలెండర్లు వచ్చాయి. ఊరికే వచ్చే క్యాలెండర్ ఎవరికి చేదు? తేదీల గళ్ళు పెద్దవి. పాలు పోసిన రోజూ గ్యాసు వచ్చిన రోజూ రాసుకోవచ్చు. హిందువుల ఇళ్ళల్లో కూడా దేవుడి పటాల వైపు కాకుండా కొట్టంలోనో పెరటి తలుపు పక్కనో తగిలించుకున్నారు. పాపక్క ఇంట్లో కోడలు రేఖే చేతులు చాచి తీసుకుంది. హేమలత పదకొండు పల్లెల్లో నూట నలభై పంచింది. పాపక్క పుట్టింటి వైపు కట్టలను అదే ట్రస్టుకు కుప్పంలో పనిచేసే చంద్రిక పంచింది.

జనవరి నెలాఖరులో, అర్చన పరీక్ష తేదీ రాసుకుందామని తన ఇంటి క్యాలెండరు తిప్పిన హేమలతకు పై ప్రాణాలు పైనే పోయాయి. ఏప్రిల్ కాగితం నిండా ఒక ముసలి చెయ్యి. చేతిలో కథల పెట్టె. మణికట్టుకు పైన, తోక లేని తేలు.

అదే సాయంత్రం చరణ్ ఫోన్ చేశాడు. "చూశారా అక్కా? అన్నిట్లోకీ మీ ఫొటోనే బాగుంది. ఏప్రిల్ ఒకటిన మీ ఏరియాలో ప్రతి ఇంట్లో ఆ పేజీ గోడ మీద ఉన్నట్టు ఫొటోలు పంపాలి." ఆమె తల ఊపింది. ఫోనులో తల ఊపితే కనపడదని కూడా తోచలేదు.

అసలు సంగతి చెబితే చరణ్ ఏమంటాడో ఆమెకు తెలుసు. ముఖం లేదు కదా అంటాడు. గట్టిగా అడిగితే, క్యాలెండర్లు వెనక్కి తెమ్మని కుర్రాళ్ళను జీపులో పంపిస్తాడు. అప్పుడు చూడనివాళ్ళు కూడా ఆ పేజీ తిప్పి చూస్తారు. చెప్పకపోతే, ఏప్రిల్ ఒకటిన నూట నలభై గోడల మీద పాపక్క చెయ్యి వేలాడుతుంది. జాతర ఆ నెలలోనే. ముందు నుయ్యి, వెనక గొయ్యి అని ఊరికే అనలేదు పెద్దలు.

హేమలత పుంగనూరులో ఫొటో లేకుండా తేదీలే ఉన్న ఏప్రిల్ కాగితాలు జెరాక్సు తీయించుకుని ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టింది. చరణ్ అడిగిన ఫొటోల సంగతి తర్వాత చూసుకోవచ్చు అనుకుంది. "ఏప్రిల్లో ఆదివారాలు తప్పు పడినాయమ్మా, సరైంది పెట్టిస్తా," అంటూ పాత కాగితం చింపి, కొత్తది పిన్నుతో గుచ్చేది. అబద్ధమాడరాదని తన పుస్తకంలో పదో బొమ్మ చూపించి తొమ్మిదేళ్ళుగా చెప్పిన మనిషి, గడప గడపకీ అదే అబద్ధం పంచింది. 

అర్చనను చూసే వంకతో కుప్పం వెళ్ళి, పాపక్క పుట్టింటి ఊళ్ళోనూ చింపింది. వెంట వచ్చిన చంద్రిక ఆగి అడిగింది.

"ఆదివారాలు సరిగ్గానే ఉండాయి కదక్కా? యాల చింపుతాండావు?"

"అడగొద్దు పాపా," అంది హేమలత.  చంద్రిక పిన్నుల డబ్బా చేతిలోకి తీసుకుంది.

మార్చి ఇరవై ఎనిమిదికి ఒక్క ఇల్లు మిగిలింది. పాపక్క ఇల్లే. అక్కడ క్యాలెండర్ ఆవుల కొట్టంలో ఉంది. కొట్టం పాపక్క కొడుకు వెంకటరమణప్ప రాజ్యం. అతను టమేటాలతో మదనపల్లె మార్కెట్టుకు పోయే రోజు కనుక్కుని, పదకొండు గంటలకు పోయింది. మిద్దె మీద చింతపండు ఆరబోసి ఉంది. మధ్యలో తెల్లగుడ్డ. పాపక్క పైనుంచి చెయ్యి ఊపింది. ఆ చెయ్యిని చూడలేక హేమలత తల దించుకుని నేరుగా కొట్టంలోకి నడిచింది.

మార్చి కాగితం ఎత్తబోతుండగా వెనక నుంచి గొంతు వినబడింది.

"అది చింపగూడదు మ్మా."

వెంకటరమణప్ప. రేటు లేదని ఆ రోజు కాయ కోయనే లేదట. అతను వచ్చి మార్చి కాగితాన్ని తనే ఎత్తాడు. ఏప్రిల్ పన్నెండు గడిలో పెన్నుతో "ఆవు" అని రాసి ఉంది.

"ఈనే తేదీ. సంక్రాంతి దాటినాక రాసుకున్నా."

అంటే జనవరిలోనే చూశాడు.  హేమలత అప్పుడు పైన ఫొటో వైపు చూసింది.

తేలుకు తోక ఉంది.

నున్నటి కాగితం మీద నిలవని బాల్‌పెన్నుతో, మళ్ళీ మళ్ళీ దిద్ది, కొండీతో సహా వంపు తిరిగిన తోక గీసి ఉంది. ఇప్పుడది ఎవరి చెయ్యైనా కావచ్చు. ఒక్క గీత! రెండు నెలలు రెండు తాలూకాలు తిరిగి చింపిన హేమలతకు తట్టని ఒక్క గీత.

"మా సిన్నాయన గంగులప్ప వారానికోసారి ఈడికొస్తాడు, ఆవుని సూసేదానికి," అన్నాడు వెంకటరమణప్ప మెల్లగా. "ఆయప్పకి కనపడగూడదని గీసినా. నేను సూసినట్టు మా అమ్మకి తెలీదు. తెలియగూడదు కూడా. తెలిస్తే నా ముందర తలెత్తుకోలేదు. మిద్ది మీద ఏముండాదో నాకి తెల్సు. ఉండనీ. దీపమూ ఎత్తనీ."

హేమలత కళ్ళనిండా నీళ్ళు. "అన్నా, తప్పు నాదే..."

"నీదే," అన్నాడు అతను. కోపం లేదు, దయా లేదు. "అందుకే నువ్వింక ఈ గడప తొక్కొద్దు. యాల రాలేదని మా అమ్మ అడిగితే నేనేదో ఒకటి సెప్పుకుంటా."

ఆమె తల ఊపింది. ఆ తల ఊపడమే కదా ఇంత పని చేసింది అనుకుంది, అయినా ఊపింది. జెరాక్సు కాగితం సంచిలో పెట్టుకుని వాకిట్లోకి వచ్చింది.

మిద్దె పిట్టగోడ మీదుగా పాపక్క వంగి చూసింది. తోక లేని తేలు ఎండలో పచ్చగా మెరిసింది.

"అప్పుడే పోతాండావా మ్మే? జాతరకి రా. మొదటి దీపం నేనే ఎత్తేది, సూద్దువు గానీ. వస్తావు కదా?"

"వస్తానవ్వా," అంది హేమలత.

కొట్టంలో వెంకటరమణప్ప తల ఎత్తకుండా ఆవుకు గడ్డి వేస్తున్నాడు.