కపిల మోకుకు వేలాడిన ఇంజన్

నా చిన్నప్పుడు గోరంట్ల దారిలోని మా రేకుల షెడ్డులో కారు ఇంజన్ దించాలంటే మనుషుల బలమే దిక్కు. దించడం అనేది మాట వరసకే, నిజానికి దాన్ని పైకెత్తి బయటికి తీయాలి. ఇంజన్‌కు తాడు కట్టి, అందులో దూలం దూర్చి, అటూ ఇటూ మనుషులు భుజం పట్టేవారు. మా నాయన మాత్రం బానెట్ కిందికి వంగి అడుగునుంచి రెండు చేతులతో లేపేవాడు. అలా లేపితేనే మెకానిక్కని ఆయన నమ్మకం.

ఒక ఎండాకాలం అలా లేపుతుండగా ఆయన నడుము పట్టేసింది. మంచం దిగాలన్నా నా భుజం ఊతంగా కావలసి వచ్చేది. ఇంకోసారి బరువెత్తితే నడవడమే కష్టమని హిందూపురం డాక్టరు తేల్చి చెప్పాడు. వానల్లేక చేను ఎప్పుడో బీడుపడింది, మాకు మిగిలింది ఆ షెడ్డే. దాన్ని మూసేసి బెంగళూరుకు వాచ్‌మన్ పనికి పోతానని నాయన అమ్మతో మెల్లగా చెబుతుంటే విన్నాను. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

అంతలో ఊళ్లో టాక్సీ నడిపే డ్రైవరు తన కారు తెచ్చి మా వేపచెట్టు కింద నిలబెట్టాడు. ఇంజన్ దించక తప్పదు. నాయన పళ్లు బిగబట్టి లేచి బానెట్ తెరిచాడు. మా జేజి, అంటే నాయన తల్లి, అరుగుమీద కూర్చుని చూస్తూనే ఉంది.

“ఏమిరా, మన కపిల తిరిగినన్నాళ్లూ నిండు బానను నువ్వు ఎత్తినావా, ఎద్దులు ఎత్తినాయా?” అంది.

“అది నీళ్లమ్మా, ఇది ఇనుము.”

“యాడైనా బరువు బరువే గదా. మధ్యలో నీ నడుమెందుకు పెడతావు?”

కపిల అంటే ఎద్దులతో బావినీళ్లు తోడే ఏర్పాటు. నీళ్లు నిండే తోలుబానకు కట్టిన మోకు, గిలక మీదుగా ఎద్దుల కాడికి వస్తుంది. మా బావి ఎండిపోయాక గిలకా మోకూ అటకెక్కాయి, ఎద్దులు మాత్రం ఇంట్లోనే ఉన్నాయి. జేజి ఆ రెండూ కిందికి దింపించి, గిలకను వేపచెట్టు లావుపాటి కొమ్మకు కట్టించి, దాని మీదుగా మోకును ఒకవైపు ఇంజన్‌కూ ఇంకోవైపు ఎద్దుల కాడికీ బిగించమంది. ఇంజన్ ఊగకుండా పక్కతాడు పట్టే పని నాకిచ్చింది.

ఎద్దులు కదిలాయి, ఇంజన్ లేచింది. మేం సంతోషించేలోపే అవి ఆగిపోయి వెనక్కి అడుగులేయడం మొదలుపెట్టాయి. పాపం, వాటి తప్పేముంది? తోలేవాడు మోకు మీద కూర్చుంటే ముందుకు పోవాలి, దిగితే వెనక్కి రావాలి. కపిల దగ్గర అవి నేర్చుకున్న చదువు అదే. మోకు మీద మనిషి ఉండాలన్న సంగతి మాలో ఒక్కరికీ తట్టలేదు. ఇంజన్ జారి వస్తుంటే నాయన అలవాటు కొద్దీ దాని కిందికి చేతులు చాచి వంగాడు.

“ముట్టుకోవాకు” అంది జేజి.

అని ఊరుకోలేదు. కుచ్చిళ్లు ఎగదోపి, డ్రైవరు నోరు తెరుచుకుని చూస్తుండగా వెళ్లి మోకు మీద కూర్చుంది. ఎద్దులు పాత దారి దొరికినట్టు ముందుకు సాగాయి, ఇంజన్ కారుకంటే పైకి పోయింది. అమ్మా డ్రైవరూ కారును వెనక్కి తోసి, ఆ చోట మా ఎద్దులబండిని నిలబెట్టారు. జేజి మోకు దిగింది. ఎద్దులు మెల్లగా వెనక్కి వచ్చేకొద్దీ ఇంజన్ వచ్చి బండి మీద కూర్చుంది. ఆ బండి ఎత్తు సరిగ్గా మా నాయన నడుమెత్తు. ఆయన నిటారుగా నిలబడి స్పానర్ అందుకున్నాడు. ఆ క్షణం మా జేజిని చూసి నాకు కలిగిన గర్వం ఇప్పటికీ ఇసుమంతైనా తగ్గలేదు.

నాయన బెంగళూరు మాట మళ్లీ ఎత్తలేదు. ముసలితనంలో కూడా చేతికర్ర పట్టలేదు. ఆయన తర్వాత షెడ్డు నేనే నడిపాను, ఇప్పుడు నా కొడుకు చూసుకుంటున్నాడు. గొలుసు గిలకలు వచ్చాయి, ఎద్దులతో పనిలేదు. అయినా కొత్తగా పనికి చేరినవాళ్లు కండబలం చూపించబోతే నేను ఊరుకోను. బానెట్ కింద చిన్న పనయినా నడుము మీద భారం పడకుండా ఒక కాలు పీట మీద పెట్టమంటాను, ఒక చేయి కారుకు ఆనించమంటాను. ముసలామెకు చాదస్తమని నవ్వుకుంటారు, నవ్వుకోనీ.

డెబ్బై దాటాయి నాకు. నేలమీద ఏ బరువు కనిపించినా ఇప్పటికీ ముందు వంగను. తలెత్తి, దీన్ని దేనికి వేలాడదీయొచ్చా అని చూస్తాను. మా జేజి నాకు పండే చేను ఇవ్వలేకపోయింది గానీ, ఈ వంగని నడుము ఇచ్చిపోయింది.