కొంగలు లేని జాడీ

మొన్న విశాఖలో ఒక షాపు అద్దాల వెనక నల్లగా నిగనిగలాడే పింగాణీ కూజా కనిపించింది. దాని మీద బంగారు రంగు కొంగలు, కింద 'జపాను పద్ధతి లక్కపని' అని చీటీ. చెయ్యి చాపబోతే షాపమ్మాయి "చూడటానికేనండీ" అంది మర్యాదగా. చూస్తూ నిలబడ్డాను. నర్సీపట్నంలో మా బాబాయి చేసిన జాడీలు కళ్ళముందుకొచ్చాయి.

బాబాయిది లక్కబొమ్మల పని. గిర్రున తిరిగే కర్రకి లక్క కడ్డీ ఆనిస్తే ఆ రాపిడి వేడికే రంగు కరిగి పట్టుకునేది. మొగలి ఆకుతో రుద్దితే మెరుపొచ్చేది. పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయాక అన్నీ మూలపడ్డాయి. మాట కాస్త ముద్దగా వచ్చినా, ఆ మాటా మానేసి గోడవైపు తిరిగి పడుకున్నాడు. చెయ్యి రాకపోయినా సరే, మనిషి మళ్ళీ మనవైపు తిరిగితే చాలని పిన్ని మొక్కని దేవుడు లేడు. ఒకరోజు జపాను వాళ్ళు పింగాణీకి లక్క పూసే వీడియో ఆయన ముఖం ముందు పెట్టింది. చివరిదాకా చూసి, మళ్ళీ పెట్టమన్నాడు. వాళ్ళ లక్క చెట్టు నుంచి కారే పాలట, మనది చెట్టు మీద పురుగు కక్కేదని నేను చదివిన జ్ఞానం ఒలకబోస్తే, నన్ను పట్టించుకోకుండా వీడియోకేసే చూశాడు.

పిన్ని బజారు నుంచి తెల్లజాడీ తెచ్చింది. నిప్పుల మీద దాన్ని వేడిచేసి ఆవిడ మెల్లగా తిప్పుతుంటే, ఆయన ఎడమచేత్తో నల్ల లక్క ఆనించేవాడు. మొదట్లో మాడిన అట్టులా వచ్చేది. ఎండాకాలం వచ్చేసరికి ముఖం చూసుకునేంత నునుపు తేలింది. దాని మీద తెల్లలక్కతో కొంగలు వేశాడు.

"జపాను కొంగలన్నారు, నాతవరం సేలల్లో కొంగల్లాగున్నాయేటండీ?" అంది పిన్ని.

"కొంగకి ఊరేటి?" అన్నాడు బాబాయి. ఆ ముద్దమాటకి పిన్ని కళ్ళు తుడుచుకుంది.

మా ఇళ్ళల్లో కొత్త జాడీ వస్తే కడిగి, ఎండబెట్టి, ఆ తర్వాతే ఆవకాయ పెడతారు. నాన్నమ్మ అదే చేసింది. మధ్యాహ్నం డాబా మీద పెట్టి, సాయంత్రం తీసుకురాబోతే లక్క మెత్తబడి వేళ్ళకి అంటుకుంది. కొంగల కాళ్ళు సాగి కిందికి జారిపోయాయి. దాన్ని కొడుకు మంచం దగ్గరికి తెచ్చి నేల మీద కూలబడింది.

"కొత్త జాడీ కదాని ఎండకెట్టీసేన్రా నాయినా. ఇందులో నీకు ఆవకాయ ఎడదామనుకున్నాను."

బాబాయి మళ్ళీ గోడవైపు తిరుగుతాడనుకున్నాం. ఆయన ఎడమచెయ్యి చాపి తల్లి భుజం మీద వేశాడు.

"ఏడవకమ్మా. ఇంకోటి సేస్తాను. నీకే. బేగి సేసిచ్చెస్తాను."

చేశాడు కూడా. నల్లపూత పూర్తయింది. కొంగలు వేసేలోపే వానాకాలంలో ఆయన పోయాడు.

ఆ జాడీలో నాన్నమ్మ ఇప్పటికీ ఏదీ పెట్టలేదు. పొద్దున్న తూర్పు గదిలోకి ఎండ పడితే పడమటి గదికి, మధ్యాహ్నం ఎండ అటు తిరిగితే మళ్ళీ తూర్పు గదికి, రెండు చేతులా పొదివి పట్టుకుని మోస్తుంది. మేం అందుకోబోతే ఇవ్వదు. ఒక్క మధ్యాహ్నం ఎండలో పెట్టినందుకు ఆవిడ ఇన్నేళ్ళుగా పొద్దుని తప్పించుకు తిరుగుతోంది. పొద్దు మాత్రం ఒక్కరోజు కూడా ఏ గదికీ రావడం మానలేదు.