లిస్బన్‌లో గుమ్మం ముందు చెప్పులు

యాభై రెండేళ్ల వయసులో ఒంటరిగా లిస్బన్ చూడటానికి వెళ్తానంటే మా ఇంట్లో ఎవరూ అడ్డు చెప్పలేదు. ఆపినకొద్దీ బిగుసుకుంటానని వాళ్లకు తెలుసు. రేపల్లెలో ఉండే మా అక్క మాత్రం పనిగట్టుకుని తెనాలి వచ్చి, నా పెట్టెలోవన్నీ మంచం మీద కుమ్మరించింది.

"ఏంటే ఇది? ఉన్నది ఒక్క జత చెప్పులేనా? ఇంకో జత పెట్టుకో."

"నాకున్నవి రెండు కాళ్లేగా, చాల్లే."

"సరేలే తల్లీ. మొదటిరోజు ఎంత పొద్దుపోయినా ఫోన్ చెయ్యి, మేలుకునే ఉంటా. భయమేస్తే చెప్పు, టికెట్ మార్పించి వెనక్కి రప్పిస్తా."

ఆ మాటకు నాకు ఒళ్లు మండింది. ఉద్యోగానికి బాపట్ల వరకు ఇరవై ఏళ్లు రైల్లో ఒక్కదాన్నే తిరిగినదాన్ని. పదిహేను రోజులూ ఉండే వస్తానని అప్పుడే పంతం పట్టాను.

నేను తీసుకున్న గది మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు లేదు. ఇంటావిడ ఎదురు వాటాలోనే ఉంటారు, డెబ్బై దాటి ఉంటాయి. తెలుగు సంగతి సరే, ఇంగ్లీషూ రాదు. తాళంచెవి నా చేతిలో పెట్టి, నవ్వి, వెళ్లిపోయారు. నేను మామూలుగా చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి వెళ్లాను.

స్నానం చేసి, ఏదైనా తినొద్దామని తలుపు తీసేసరికి చెప్పులు లేవు.

పై అంతస్తూ కింది అంతస్తూ వెతికాను. ఎన్ని తలుపులున్నా ఒక్కదాని ముందు కూడా చెప్పుల జత లేదు. ఈ ఊళ్లో చెప్పులు ఎవరూ బయట విడవరని అప్పటికి గాని నాకు వెలగలేదు. రాతి మెట్లకు అరికాళ్లు జివ్వుమంటున్నాయి. మా వీధిలో అయితే గుమ్మం ముందు చెప్పులు చూసి ఎవరింట్లో ఎవరున్నారో చెప్పేస్తాం. ఇక్కడ నేనున్నానని చెప్పడానికి ఆ ఒక్క జతే ఉంది, అదీ పోయింది. ఏడుపొచ్చేసింది. టికెట్ మార్పించమని చెబుదామనే ఫోన్‌లో అక్క నంబరు తీశాను.

నొక్కబోయి, ఒక్కసారి అడిగి చూద్దామని ఎదురు తలుపు తట్టాను. ఆవిడ రాగానే నా వట్టి పాదాలు చూపించాను. ఆవిడ నా పాదాల వంక, నా గుమ్మం వంక చూసి నోటి మీద చెయ్యి వేసుకున్నారు. గబగబా కిందికి దిగి, చెత్త డబ్బాల పక్కనున్న సంచిలోంచి నా చెప్పులు పట్టుకొచ్చారు. పాతవని నేనే పారేశాననుకున్నారు కాబోలు. అంతటితో ఊరుకోక, నడుముకు కట్టుకున్న గుడ్డతో వాటిని తుడవబోయారు.

"అయ్యయ్యో! పెద్దవారు, మీరు ముట్టుకోకూడదండీ!" అని తెలుగులోనే అరిచి లాక్కోబోయాను. ఆవిడ వదల్లేదు. చెరో చెప్పు పట్టుకుని నిలబడ్డాం. ముందు ఆవిడకు నవ్వొచ్చింది, తర్వాత నాకూ ఆగలేదు.

నా చెయ్యి పట్టుకుని భోజనానికి రమ్మన్నారు. నేను చెప్పులు ఆవిడ గుమ్మం బయట విడిచి లోపలికి వెళ్తుంటే ఆగి మరీ చూశారు. బంగాళదుంప, ఆకుకూర వేసి కాచిన వేడి సూప్, రొట్టె పెట్టారు. గిన్నె ఖాళీ అయితే అడక్కుండా మళ్లీ పోశారు. ఆ పోయడం చూస్తుంటే ఆవిడ మీద ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో చెప్పలేను.

గదికొచ్చి నడుం వాల్చాక గుర్తొచ్చింది, చెప్పులు మళ్లీ నా గుమ్మం బయటే విడిచానని. కంగారుగా లేచి తలుపు తీశాను. నా చెప్పులు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఎదురు గుమ్మం ముందు ఆవిడ నల్ల బూట్ల జత, పక్కపక్కన పొందికగా పెట్టి ఉంది.

అక్కకు ఫోన్ చేస్తే మొదటి రింగుకే ఎత్తింది.

"ఏంటే, భయమేస్తోందా?"

"లేదక్కా, పడుకో" అన్నాను. "ఎదురింటావిడ ఇంట్లోనే ఉన్నారు."