వసంత్ కుంజ్‌లో మా కార్పొరేట్ ఆఫీసు

నేను చేసిన తెలివితక్కువ పనులన్నీ చెప్పుకుంటూ పోతే మీకు కాఫీ చల్లారిపోతుంది. అందుకని ఒక్కటే చెబుతాను. ఒక్క విజిటింగ్ కార్డుతో వరలక్ష్మీ వ్రతాన్నీ, కేంద్ర ప్రభుత్వాన్నీ, ఫరీదాబాద్ నట్లు బోల్టుల ఫ్యాక్టరీనీ ఒకే హాల్లో ఇరికించి, ఆ మధ్యలో నేను నిలబడి చెమటలు కక్కిన ఘనత నాది. వినండి, నవ్వండి. నేను అప్పుడు నవ్వలేదు లెండి.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు మన పెద్దలు. కంపెనీ పెట్టి చూడు అనలేదు. ఆమాత్రం దయ ఉన్నవాళ్లు వాళ్లు. నేనే వినలేదు. రెండువేల అయిదో ఆరో, అప్పటికి నోయిడాలో శుభ్రమైన ఉద్యోగం చేసుకుంటున్నవాణ్ణి, వరంగల్ మిత్రుడు మురళితో కలిసి రాజీనామా ఇచ్చేశాను. ఫ్యాక్టరీలకు హాజరు లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్ తయారు చేసి అమ్మాలని మా ఆశయం. ఆఫీసు ఎక్కడంటారా? ఢిల్లీ పొలిమేర దాటాక గాజియాబాద్‌లో, ఇందిరాపురంలో మా అద్దె ఫ్లాటు బాల్కనీకి అద్దాలు బిగించాం, అదే. ఒక కంప్యూటరు, ఒక ఇన్వర్టరు, తీగ మీద మా ఆవిడ లలిత ఆరేసిన బట్టలు.

లలిత ఒకే మాట చెప్పింది. "దసరా దాకా చూస్తాను. ఈలోగా ఒక్క ఆర్డరైనా రాలేదో, మారుమాట్లాడకుండా టై కట్టుకుని మళ్లీ ఉద్యోగానికి పోవాలి."

ఆ ఒక్క ఆర్డరు కోసమే మా పాట్లన్నీ. ముందు కార్డులు అచ్చు వేయించాలనుకున్నాం. అక్కడే వచ్చింది చిక్కు.

"గాజియాబాద్ అని రాస్తే ఎవడన్న కార్డు జేబుల పెట్టుకుంటడా భాయ్? చాయ్ కప్పు కింద పెట్టుకుంటడు" అన్నాడు మురళి.

"ఇందిరాపురం అని పెద్దగా వేసి, గాజియాబాద్ చిన్నక్షరాల్లో వేద్దాం."

"మరి పిన్‌కోడు? దాన్నెక్కడ దాస్తవ్?"

నిజమే. తెనాలిలో మావాళ్లందరి లెక్కలో నేను ఢిల్లీలోనే ఉంటున్నాను. గాజియాబాద్‌లో ఉంటున్నానని కరెంటు పోయినప్పుడు నాకు ఒక్కడికే తెలిసేది. కానీ కార్డు పుచ్చుకునేవాడు తెనాలివాడు కాడు కదా.

ఢిల్లీ నడిబొడ్డున ఒక బ్రోకరును పట్టుకున్నాం. ఆయన మమ్మల్ని ఒక పాత భవనంలోకి తీసుకుపోయి, మెట్ల కింద గోడకున్న తపాలా డబ్బా చూపించాడు. దాని మీద నలభై కంపెనీల పేర్లున్నాయి.

"ఆఫీసేది?" అన్నాను.

"ఇది ఆఫీసు అడ్రస్ సార్. కూర్చోవడానికి మీకు ఇల్లుంది కదా!" అన్నాడు, నా అమాయకత్వానికి జాలిపడుతూ. ఆ డబ్బాకి చెప్పిన అద్దె మా ఫ్లాటు అద్దెకంటే ఎక్కువ. నమస్కారం పెట్టి బయటపడ్డాం.

అప్పుడు గుర్తొచ్చారు మామయ్యగారు. మా లలితకు బాబాయి, నాకు మామయ్యగారు. సెంట్రల్ గవర్నమెంటులో అధికారి, కాపురం వసంత్ కుంజ్‌లో. మనిషి నిప్పు. ఆఫీసు పెన్సిలు పొరపాటున జేబులో ఇంటికొస్తే, మర్నాడు దాన్ని తిరిగి అప్పగించేదాకా నిద్రపోని రకం.

"మామయ్యగారూ, మా కంపెనీకి నాలుగు ఉత్తరాలు మీ ఇంటి అడ్రసుకి వస్తాయండీ. పర్వాలేదా?"

"ఉత్తరాలకేముందోయ్, రానీ" అన్నారాయన పేపరులోంచి తలెత్తకుండా.

ఆయన అనుమతి ఇచ్చింది ఉత్తరాలకి. నేను అచ్చు వేయించింది అయిదు వందల కార్డులు. బంగారు రంగు అక్షరాల్లో 'కార్పొరేట్ ఆఫీస్, వసంత్ కుంజ్, న్యూఢిల్లీ' అని. లిఫ్టు లేని ఆ మూడో అంతస్తుకి 'లెవెల్ త్రీ' అని పేరు పెట్టాను. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటారే, మేము సోమలింగానికి బారసాల భోజనాలు కూడా వడ్డించేశాం.

మొదటి కార్డు ఫరీదాబాద్‌లో బాత్రాగారికి ఇచ్చాను. నట్లు బోల్టుల ఫ్యాక్టరీ యజమాని, నిండైన మనిషి. మూడుసార్లు మా సాఫ్ట్‌వేర్ చూశారు, మూడుసార్లూ "సోచేంగే" అన్నారు. ఆయన ఆలోచన చల్లారకుండా నేను రోజూ పదిన్నరకు బాల్కనీలోంచి, ఇంటి ల్యాండ్‌లైన్ మీద ఫోన్ చేసి, "నమస్తే బాత్రా జీ, వసంత్ కుంజ్ ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాను" అని గంభీరంగా పలకరించేవాణ్ణి. వెనక కుక్కరు కూత వేస్తే దగ్గేవాణ్ణి.

ఇలా ఉండగా శ్రావణ శుక్రవారం వచ్చింది. మధ్యాహ్నం పన్నెండు. నేను లుంగీలో ఉన్నాను. మొబైల్ మోగింది.

"ప్రసాద్ జీ! బెంగళూరు వెళ్తున్నా, ఎయిర్‌పోర్టు దారిలో ఉన్నా. ఫ్లైటుకి ఇంకా చాలా టైముంది. మీ ఆఫీసు దారిలోనే కదా! చాయ్ తాగి, మీ టీమును చూసి, ఆర్డరు సంగతి తేల్చేసి పోతాను."

"సార్... ఇవాళ... ఆఫీసుకి రంగులు వేయిస్తున్నామండీ!"

"ఠీక్ హై, ఠీక్ హై. నాకు రంగుల వాసన పడుతుంది. మీ గేటు దగ్గరే ఉన్నా."

ఫోన్ పెట్టేశారు. దసరాకి ఇంక రెండు నెలలు కూడా లేదు. నా కళ్ల ముందు టై ఊగింది. వెంటనే వసంత్ కుంజ్‌లో మామయ్యగారి భార్య, అత్తయ్యగారికి ఫోన్ చేశాను.

"అత్తయ్యగారూ, మీ ఇంటికి ఒక పెద్దమనిషి వస్తున్నారు. గంటసేపు మీ ఇల్లు మా ఆఫీసు."

"ఏవిటీ? ఇవాళ వరలక్ష్మీ వ్రతం నాయనా! పదకొండు మంది ముత్తయిదువలొచ్చారు. ఇప్పుడే హారతిచ్చాం. రెండో వాయి బూరెలు మూకుట్లో ఉన్నాయి!"

"బూరెలు వేగనివ్వండి. ఆయన అడిగితే మాత్రం మీరు హెచ్చార్ మేనేజరునని చెప్పండి."

"అదేం ఉద్యోగం?"

"మనుషుల బాగోగులు చూసుకునే ఉద్యోగమండీ."

"నలభై ఏళ్లుగా నేను చేస్తున్నది అదేగా! మడిలో చెయ్యొచ్చా?"

"చెయ్యొచ్చు."

"అయితే సరే. అదిగో, బెల్లు కొడుతున్నాడు."

మురళి పాత మారుతిలో బయల్దేరాం. బయట వాన. దారిలో సగం కట్టిన ఫ్లైఓవరు, దాని కింద పూర్తిగా ఆగిపోయిన ట్రాఫిక్. మొండి గుర్రంలా కదలని కారులోంచి మళ్లీ ఫోన్ చేశాను.

"ఏం చేస్తున్నారండీ ఆయన?"

"కాళ్లు కడుక్కుని లోపలికి రమ్మన్నాను. మర్యాదస్తుడు, కడుక్కున్నాడు. ఈ ఆడవాళ్లంతా ఎవరన్నాడు. స్టాఫ్ అన్నాను."

"పట్టుచీరల్లో, కాళ్లకి పసుపుతోనా?"

"శుక్రవారం మా ఆఫీసులో ఇదే డ్రెస్సని మా ఎదురింటి అమ్మాయి హిందీలో సర్దేసిందిలే. కంప్యూటర్లేవన్నాడు. పూజ రోజు ముట్టుకోమన్నాను."

మురళి స్టీరింగ్ మీద చెయ్యి కొట్టాడు. "భాయ్, మనిద్దరం బాల్కనీల కూసొని ఏం జేస్తున్నం? అత్తమ్మను సేల్స్‌ల పెడ్దాం!"

నాకూ ధైర్యం వచ్చింది. గట్టెక్కినట్టే అనుకున్నాను. అంతలో అత్తయ్యగారు అన్నారు.

"అన్నట్టు, మీ మామయ్యగారు వ్రతమని హాఫ్ డే పెట్టి ఇప్పుడే వచ్చారు. ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుంటున్నారు. మీ పెద్దమనిషి ఏదో కార్డు తీసి చూపిస్తున్నాడు."

మూడంతస్తులు ఎలా ఎక్కానో నాకు తెలియదు. హాల్లో కలశం ముందు పదకొండు మంది ముత్తయిదువలు బారులు తీరి ఉన్నారు. సోఫాలో బాత్రాగారు, నుదుట కుంకుమ, చేతిలో పులిహోర పళ్లెం. ఎదురుగా మామయ్యగారు. నా కార్డును కళ్లద్దాల ముందు ఫైలులా పట్టుకుని చదువుతున్నారు.

"ప్రసాదూ, ఈ కార్పొరేట్ ఆఫీసు ఎక్కడుంది?"

"ఇక్కడేనండీ."

"ఇక్కడంటే? నేను పడుకునే గదా, మీ అత్తయ్య వంటగదా?"

ముత్తయిదువల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన నవ్వలేదు.

"నేను గవర్నమెంటు సర్వెంటునోయ్. నా ఇంట్లో కంపెనీ నడుస్తోందని ఎవరైనా ఒక కాగితం పెడితే నా ఉద్యోగం ఏమవుతుందో ఆలోచించావా?"

ఆలోచించలేదు. నాకు నిజంగానే సిగ్గేసింది. నా బంగారు రంగు అక్షరాల వెనక ఒక నిజాయితీపరుడి ముప్ఫయ్యేళ్ల సర్వీసు ఉందని అప్పటిదాకా నాకు తట్టనే లేదు. ఆర్డరు పోతే పోయిందనుకుని బాత్రాగారి వైపు తిరిగాను.

"బాత్రా జీ, క్షమించండి. ఇది మా ఆఫీసు కాదు, మావాళ్ల ఇల్లు. వీళ్లెవరూ మా స్టాఫ్ కాదు. మా ఆఫీసు ఇందిరాపురంలో ఒక బాల్కనీ. అందులో మేమిద్దరమే ఉంటాం."

బాత్రాగారు తాపీగా బూరె కొరికారు. "మాలూమ్ హై" అన్నారు.

"ఇందాకే తెలిసిందా సార్?"

"మొదటి రోజే తెలిసింది. రోజూ వసంత్ కుంజ్ నుంచి మాట్లాడుతున్నానంటారు. నా ఫోన్లో మాత్రం జీరో వన్ టూ జీరో అని వస్తుంది. గాజియాబాద్ కోడు మా గేటు దగ్గర చౌకీదారుకి కూడా తెలుసు ప్రసాద్ జీ!"

మురళి నన్ను చూశాడు. నేను కలశాన్ని చూశాను. అమ్మవారు కూడా నన్నే చూస్తున్నట్టనిపించింది.

బాత్రాగారు తన కార్డు తీసి మామయ్యగారికి అందించారు. "చూడండి, నాదీ 'హెడ్ ఆఫీస్, న్యూఢిల్లీ'. అది మా బావమరిది డాబా మీద గది. పక్కన మా మరదలి బ్యూటీ పార్లరు." తర్వాత నా వైపు తిరిగారు. "అడ్రసు దగ్గర అందరూ అబద్ధమాడతారు. దొరికిపోయినప్పుడు ఏం చేస్తారో చూద్దామని వచ్చాను. కొందరు రంగులు వేయిస్తున్నామంటారు, కొందరు నిజం చెప్తారు. రెండూ చేసినవాణ్ణి మిమ్మల్నే చూశాను. ఆర్డరు మీకే. బిల్లు మీద మాత్రం ఆ బాల్కనీ అడ్రసే ఉండాలి."

అత్తయ్యగారు ఆయన చేతిలో తాంబూలం, శనగలు, ఒక జాకెట్టు గుడ్డ పెట్టి, "మీ ఆవిడకివ్వండి భాయ్ సాబ్" అన్నారు. హెచ్చార్ మేనేజరు డ్యూటీ ఆవిడ చివరిదాకా చేశారు.

ఆయన వెళ్లాక మామయ్యగారు అడిగారు. "కార్డులింకా ఎన్నున్నాయి?"

"నాలుగు వందల ఎనభై పైన ఉంటాయండీ. కార్లో ఉన్నాయి."

"తీసుకురా." తన సొంత ఎర్రసిరా పెన్ను నా చేతికిచ్చారు. "ప్రతి కార్డు మీదా అడ్రసు కొట్టెయ్. ప్రతి కొట్టివేత పక్కనా సంతకం పెట్టు. సంతకం లేని దిద్దుబాటు చెల్లదు."

చీకటి పడేదాకా పెట్టాను. మురళి పక్కన కూర్చుని బూరెలు తింటూ నా సంతకాలు లెక్కపెట్టాడు.

దసరాకి టై అవసరం రాలేదు. దీపావళికి బాత్రాగారు మిఠాయి పెట్టె పంపారు, మా బాల్కనీకి కాదు. 'హెచ్చార్ మేనేజర్ గారికి, కార్పొరేట్ ఆఫీస్, వసంత్ కుంజ్' అని రాసి మరీ. వెంటనే మామయ్యగారి ఫోను. "కంపెనీలిచ్చే కానుకలు నేను పుచ్చుకోకూడదు. వచ్చి పట్టుకుపో!" ఇందిరాపురం నుంచి అంత దూరం పడుతూ లేస్తూ వెళ్లి పెట్టె తెరిచి చూద్దును కదా, పై వరస మొత్తం ఖాళీ.

"అది నా జీతం నాయనా" అన్నారు అత్తయ్యగారు.

కనుక పాఠకమహాశయులారా, వరలక్ష్మీదేవి సాక్షిగా, నా పాత ఎర్రసిరా సంతకాల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. నేను కూర్చోని చోటు అడ్రసు ఈ జన్మలో ఏ కార్డు మీదా వేయించను. ఒకవేళ బుద్ధి గడ్డి తిని వేయించినా, ల్యాండ్‌లైన్ నుంచి మాత్రం ఛస్తే ఫోన్ చేయను.