నీళ్ల దగ్గర జగడం, బల్ల దగ్గర మౌనం

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. యేసును నమ్ముకుని రక్షణ పొందాక పోతుందనుకున్నాను. అది కూడా నాతోపాటే బాప్తిస్మం తీసుకుని వచ్చి కూర్చుంది.

నన్ను ప్రభువు దగ్గరికి తెచ్చింది మా పక్కింటి అక్క. రాయచోటిలో మా ఇంటివాళ్లెవరూ అంతవరకు చర్చి గడప తొక్కలేదు. ఆపరేషన్ అయి నేను మంచం పట్టినప్పుడు అక్క ఇరవై రోజులు పొద్దున్నే రాగిజావ కాచి తెచ్చింది. ఒక్కరోజు కూడా యేసు మాట ఎత్తలేదు. చివరికి నేనే అడిగాను, "అక్కా, ఆదివారం యాడికి పోతావు? నన్నూ పిల్చుకోని పో" అని. రేకుల షెడ్డులో నలభై మంది చాపల మీద కూర్చుని చప్పట్లు కొడుతూ పాడుతుంటే, పుట్టింటికి వచ్చినట్టు అనిపించింది.

అలాంటి అక్కతో పోయిన ఎండాకాలం నీళ్ల ట్యాంకరు దగ్గర కొట్లాడాను. వరసలో నా డ్రమ్ము వెనక్కి పోయింది, అక్క డ్రమ్ము ముందుకొచ్చింది. ఎవరు జరిపారో నాకు ఇప్పటికీ తెలియదు. వీధి వీధంతా వింటుండగా, "చర్చిలో పాటలు, ఈడ దొంగతనమా?" అనేశాను.

అక్క మొహం ఎర్రబడింది. "ఇరవై దినాలు నీకు జావ పోసిన చేతులమ్మే ఇవి!" అంది.

అంతే, ఆ రోజు నుంచి మా మధ్య మాటల్లేవు.

మా సంఘంలో నెల మొదటి ఆదివారం, యేసు మరణాన్ని తలచుకుంటూ రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్ల ఉంటుంది. ఎవరితోనైనా పగ ఉంటే అవి ముట్టుకోకూడదు. ముందు పోయి సమాధానపడాలి. సమాధానపడటానికి నాకు పౌరుషం అడ్డమొచ్చింది, దొంగమనసుతో తినడానికి భయమేసింది. అక్క పక్కనుంచి లేచి, చెప్పులు విడిచేచోట వెనక చాప మీదికి మారాను. కొంగు మొహం మీదికి లాక్కుని, పళ్లెం వస్తే పక్కామెకు అందించేదాన్ని. ముందు వరసలో అక్క హాయిగా తీసుకుంటూ ఉంటుందని లోపల ఒకటే కుళ్లు. పాటలు అవే, మనుషులు వాళ్లే, నాకు మాత్రం ఏ రుచీ లేదు. చర్చికి రావడమే మానేద్దామనుకున్నాను.

అట్లా రెండు నెలలు గడిచాయి. మూడో నెల బల్ల జరుగుతుండగా కరెంటు పోయింది. ఉక్క భరించలేక కొంగు తీశాను. ముందు చాప మీద అక్క పళ్లెం అందుకుంది. ఏమీ తీసుకోకుండా పక్కకు పంపింది.

ఆరాధన అయిపోగానే వెళ్లి అక్క చేయి పట్టుకున్నాను. "నువ్వెందుక్కా తీసుకోల్యా?"

"చేసిన సాయం ఎత్తి పొడిస్తి కదమ్మే. ఇంక యేసు బిడ్డనని చెప్పుకునే సాక్ష్యం నాకు యాడుండాది?" అని ఏడ్చింది.

"తప్పు నాదక్కా. ఈ పాడు నోరుది" అని నేనూ ఏడ్చాను. అందరూ చూస్తున్నారని తెలుసు. సిగ్గు వేయలేదు.

బల్ల సర్దుతున్న మా పాస్టరయ్య గుడ్డ కప్పిన పళ్లెం తీసుకుని మా దగ్గరికి వచ్చారు. గుడ్డ తీస్తే రెండు రొట్టె ముక్కలు, రెండు చిన్న కప్పులు ఉన్నాయి.

"మూడు నెలలుగా రెండు మిగులుతాండాయి తల్లీ. ఎవరివో నాకు తెలుసు. మీరే పలకరించుకుంటారని చూస్తాండా" అన్నారు.

ఇద్దరం పక్కపక్కన మోకరించాం. ఆ ఉక్కకు ద్రాక్షరసం గోరువెచ్చగా అయిపోయింది. చుక్క మిగల్చకుండా తాగాం. నా జన్మలో అంత సంతోషం ఎరగను.