యాభై అయిదు రోజుల కార్డు

బ్రయీలా ఊరి చివర కుట్టు ఫ్యాక్టరీకి ఎనిమిదేళ్లుగా మధ్యాహ్నం భోజనాలు వండి పంపేవాళ్లు అగ్లాయ, ఆమె తోడికోడలు ప్రొఫీర. రోజుకి తొంభై భోజనాలు. ఏ నెల బిల్లయినా అరవై రోజులు దాటితే గానీ చేతికి రాదు. అయినా బండి నడిచిందంటే, సరుకులిచ్చే ముసలాయన ఓపిక పట్టబట్టే. ఆయన పోయాక కొట్టు కొడుకు చేతికొచ్చింది.

"అరువు లేదు పిన్నీ. డబ్బన్నా ఇవ్వు, కార్డన్నా గీకు," అనేశాడు.

అలా యాభై ఎనిమిదేళ్ల వయసులో అగ్లాయ క్రెడిట్ కార్డు వెతుక్కోవాల్సి వచ్చింది. మూడు బ్యాంకులు తిరిగి కాగితాలు తెచ్చింది. క్యాబేజీ ఆకుల్లో మాంసం చుడుతూనే కళ్లజోడు పెట్టుకుని చదివింది. ఒక కార్డు పెట్రోలు మీద కొంత డబ్బు వెనక్కిస్తుందట. వాళ్లకి కారే లేదు. ఇంకోదానికి ఏడాది రుసుము లేదు గానీ ముప్ఫై రోజుల్లో కట్టేయాలి. మూడోది యాభై అయిదు రోజులు వడ్డీ లేకుండా ఆగుతుంది.

"ఇదేనే మనది. మిగతా అయిదు రోజులూ ఎలాగో నెట్టుకొద్దాం," అంది.

బ్యాంకులో ఆఫీసరమ్మ మర్యాదగానే చెప్పింది. "ఇద్దరూ సొంత పూచీ మీద సంతకం పెట్టాలండీ. వంటశాల కట్టలేకపోతే మీ ఇళ్ల మీదకి వస్తుంది."

ప్రొఫీర పెన్ను ముట్టుకోలేదు. వీధిలోకొచ్చాక ఏడ్చేసింది.

"తిట్టక్కా, పడతాను. ఆ రెండు గదులు తప్ప ఆయన నాకేం మిగిల్చిపోయాడు?"

"నా ఇల్లేమన్నా రోడ్డు మీద దొరికిందా?"

"నీ ఇష్టం నీది. నేను మటుకు పెట్టను."

ఒక్క సంతకంతో ఇచ్చేది ముప్ఫై రోజుల కార్డే. అగ్లాయ దాన్నే తీసుకుంది. మొదటి నెల, తన చావు ఖర్చులకని దాచుకున్న డబ్బు తీసి కట్టింది. రెండో నెల, 'కనీసం ఇంత కడితే చాలు' అన్నచోట ఉన్నంతే కట్టింది. మూడో నెల ఫ్యాక్టరీ బిల్లు ఇంకా ఆలస్యమైంది. బాకీ పూర్తిగా కట్టలేదని వడ్డీ మాత్రం సరుకు కొన్న రోజు నుంచే లెక్కేశారు.

చారు పలచబడింది. మాంసం పోయి బియ్యం పెరిగింది.

"అగ్లాయమ్మా, మీ క్యాబేజీ చుట్టల్లో మాంసం సెలవు పెట్టిందా?" అని కుట్టుపనివాళ్లు నవ్వారు. తర్వాతి వారం నలభై మంది ఇంటి నుంచే అన్నం తెచ్చుకున్నారు. నవంబరులో ఫ్యాక్టరీ వేరేవాళ్లకి ఆర్డరిచ్చింది. వంటశాల మూతపడింది. చివరి బిల్లు మొత్తం కార్డుకే పోయింది, అయినా తీరలేదు.

అగ్లాయ ఇప్పుడు ఆసుపత్రి వంటగదిలో బంగాళాదుంపలు చెక్కుతోంది. ఓ సాయంత్రం ప్రొఫీర గేటు దగ్గరికొచ్చి నిలబడింది.

"ఇంకా ఎంతుందక్కా?"

"నెలనెలా కడుతూనే ఉన్నానే. తరగట్లేదు."

ఇద్దరూ బస్‌స్టాపులో బల్ల మీద కూర్చున్నారు. బస్సొచ్చింది. చేతులు ఇంకా తడిగా ఉన్నాయని అగ్లాయ గౌనుకి తుడుచుకుని ఎక్కింది.