గాజురొయ్యకు సమాచారం చాలదట

నా మాట ఎవరూ పట్టించుకోకపోవడం నాకు కొత్త కాదు. ఇరవై రెండో ఏట మొదలైంది, ఇప్పుడు అరవై ఎనిమిది దాటాయి, వాళ్లు వినడం మొదలుపెట్టలేదు, నేను చెప్పడం మానలేదు. పోయిన నెల కూడా మండలాఫీసుకు ఒక అర్జీ పట్టుకొని వెళ్లాను. మా ఊరి పడమట ఊటకాలువ పుట్టే చోట ఒక గుంట ఉంది. పక్క పొలం వాళ్లు దాన్ని పూడ్చి తమ రొయ్యల చెరువులో కలుపుకోవడానికి అనుమతి అడిగారు. ఆ గుంటలో గాజురొయ్య ఉంది, కనీసం ఉండవచ్చు, కాబట్టి పూడ్చనివ్వవద్దని నా అర్జీ. కుర్చీలో ఉన్న అమ్మాయి మర్యాదగానే చివరిదాకా చదివింది.

"ఈ రొయ్య ఏదైనా జాబితాలో ఉందా పెద్దాయనా?"

"ఉందమ్మా. మా మేనకోడలు ఫోన్లో చూపించింది."

"ఏమని ఉంది?"

"సమాచారం చాలదని."

"వాళ్లకే చాలనప్పుడు నన్నేం రాయమంటారు సార్?"

ఆ అమ్మాయి తప్పేమీ లేదు. లోకంలో అంతరించిపోతున్న జీవాలన్నిటికీ ఒక జాబితా ఉందట. కొన్నిటి పక్కన ప్రమాదంలో ఉందని, కొన్నిటి పక్కన ఇక లేదని రాస్తారట. మా గాజురొయ్య పక్కన మాత్రం సమాచారం చాలదని, నెల్లూరు తీరంలో ఉన్నట్టు నిర్ధారణ కాలేదని ఉంది. ఆ సమాచారాన్ని సీసాలో పోసి, ఒళ్లో పెట్టుకొని, బస్సులో తీసుకెళ్లి ఇచ్చినవాణ్ణి నేను. నా ఈడువాళ్లు, ఆఫీసుల్లో చాకిరీ చేసి బయటపడినవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, మీకైనా అర్థమవుతుందని రాస్తున్నాను.

మాది దొరవారిసత్రానికి దగ్గర పల్లె. తూర్పుకు పోతే పులికాటు ఉప్పునీళ్లు, పడమటికి పోతే ఇసుకనేలలో నుంచి ఊరే తియ్యటి నీళ్లు, ఈ రెంటి మధ్య మా వరిపొలాలు. ఊటకాలువ మోకాటి లోతుకు మించదు. అందులో చిటికెనవేలి గోరంత రొయ్యలుండేవి, వెనకున్న ఇసుకరేణువులు కనపడేంత తేటగా, వీపు మీద వెంట్రుకంత పచ్చగీతతో. మేం వాటిని గాజురొయ్యలనేవాళ్లం. చైత్రం వచ్చి కాలువ సన్నబడినప్పుడు మా అవ్వ, అంటే నాన్న తల్లి, పాత చీర ఒకటి తీసుకొని బయలుదేరేది. ఒక కొస ఆమె, ఒక కొస నేను పట్టుకొని గడ్డి కింద నుంచి మెల్లగా తోసుకుంటూ పోతే గుప్పెడు రొయ్యలు పడేవి. ఇంటికొచ్చాక పచ్చిమామిడికాయ వేసి వండేది. నెల్లూరు పట్టణంలో పెద్ద పెద్ద హోటళ్లలో తిన్నాను గానీ ఆ పులుపు మళ్లీ తగల్లేదు, ఆ సంగతి ఇప్పుడెందుకులెండి.

చెప్పవలసింది ఏమిటంటే, పట్టిన రొయ్యల్ని అవ్వ గట్టు మీదే వెడల్పాటి పళ్లెంలో పోసి, పొట్ట కింద గుడ్లున్న వాటిని ఏరి తిరిగి కాలువలో వదిలేది. చూలుతో ఉన్నదాన్ని కూరొండుకుంటే నాలుక ఎండిపోతుందనేది. మా ఊళ్లో ఆడవాళ్లందరూ అంతే. బియ్యంలో రాళ్లు ఏరినట్టు అదీ ఒక పని, ఎవరూ దాని గురించి ప్రత్యేకంగా మాట్లాడుకోగా నేను వినలేదు.

మా నాన్న ఎవరినో బతిమాలి నన్ను పట్నంలో చేపలాఫీసులో దినకూలీ మీద పెట్టించారు. నేను చేరిన ఏడాదే పైనుంచి ఒక పెద్దాఫీసరు వచ్చి, జిల్లాలో మంచినీటి రొయ్యలు ఎన్ని రకాలున్నాయో రాసుకోవడానికి మా ఆఫీసులో మకాం పెట్టారు. ఫైళ్లు అందిస్తూ, మా కాలువలో ఒక రొయ్య ఉందండీ, మిగతావాటిలా ఉండదండీ అని నేనే నోరు తెరిచి చెప్పాను. ఆయన స్పిరిట్ పోసిన సీసా ఇచ్చి ఒక ఇరవై తెమ్మన్నారు. ఆదివారం అవ్వను తీసుకొని కాలువకు పోయాను. అవ్వ ఎప్పటిలాగే ఏరింది, నేను ఎప్పటిలాగే పళ్లెం పట్టుకున్నాను, మిగిలినవాటిని సీసాలో పోశాను. సోమవారం పొద్దున ఆయన బల్ల మీద పెట్టేసరికి అవి తెల్లగా పాలిపోయి ఉన్నాయి, పచ్చగీత మాయమైంది. భూతద్దం కింద ఒక్కొక్కటీ తిప్పి చూసి, గుడ్లతో ఉన్నవేవని అడిగారు. వాటిని మేం నీళ్లలో వదిలేస్తామండీ అన్నాను. గొప్పగానే అన్నాను, దాచడమెందుకు.

ఆయన అద్దం పక్కన పెట్టారు. "పరీక్షకు తెమ్మంటే కూరకు ఏరుకొచ్చినావా అబ్బయ్యా?"

గదిలో ఉన్నవాళ్లందరూ నవ్వారు. ఆ రోజు నుంచి ఆఫీసులో నా పేరు మంత్రసాని. మంత్రసానీ టీ పట్రా, మంత్రసానీ బీరువా తెరువు. తర్వాత పర్మనెంటయ్యాను, రిటైరయ్యాను. వీడ్కోలు సభలో కూడా ఒకాయన ఆ మాట అని నవ్వించాడు. ఆయన పేరు నాకు గుర్తుంది, ఇక్కడ రాయను.

పరీక్షకు గుడ్లెందుకో ఆ గదిలో నాకెవరూ చెప్పలేదు, సాయంత్రం టీకొట్టు దగ్గర మా ఆఫీసు గుమాస్తాగారు చెప్పారు. మామూలు రొయ్యకు గసగసాల్లాంటి గుడ్లు వందల కొద్దీ ఉంటాయట, వాటి పిల్లలు ఉప్పునీళ్లకు కొట్టుకుపోయి కాస్త పెరిగి వెనక్కి వస్తాయట. అరుదైన రకానికి ఆవగింజలంత గుడ్లు, పదో ఇరవయ్యో, వాటి పిల్లలు తియ్యనీళ్లు దాటి ఎక్కడికీ పోవట. గుడ్లు చూడందే రకం తేల్చలేరట. మా అవ్వ వదిలేసినవి ఆవగింజలంత ఉండేవని చిన్నప్పటి నుంచీ నా కళ్లతో చూస్తూనే ఉన్నాను, కానీ నా కళ్లు రిపోర్టుకు పనికిరావు కదా.

మరుసటి ఆదివారం గుడ్లవి కావాలని అవ్వతో అన్నాను.

"చూలుదాన్ని తీసకపోయి సారాయిలో ముంచతావా? ఎవురి కోసరం?"

"ఆఫీసుకవ్వా. పుస్తకంలో రాసుకుంటారంట."

"రాసుకుంటే బతకతాదా?"

నేను తువాలు తీసుకొని ఒక్కణ్ణే పోయి నాలుగింటిని పట్టి సీసాలో వేశాను. అవి కాసేపు కాళ్లు కొట్టుకున్నాయి. పొట్ట కింద గుడ్లు రాలకుండా పట్టుకొనే కొట్టుకున్నాయి. అవ్వ నెలరోజులు నాతో మాట్లాడలేదు, అన్నం మాత్రం పెట్టింది. ఇంత చేసి తీసుకెళ్తే పెద్దాఫీసరు మకాం ఎత్తేసి వెళ్లిపోయారు. ఆయన బల్ల దగ్గర కూర్చున్నాయన తల కూడా ఎత్తలేదు. రిపోర్టు పైకి పోయిందబ్బయ్యా, బీరువా మీద పెట్టు అన్నాడు. మా ఊరి పేరు రాసిన చీటీ సీసాకు అంటించి పెట్టాను. రెండు వానాకాలాలు గడిచాక ఒకరోజు తపాలా కవర్లు అంటిస్తూ బంకసీసా ఇటు తిప్పితే, దాని మీద సగం చిరిగిన చీటీలో మా ఊరి పేరు నా చేతిరాతలో కనపడింది. ఎన్నాళ్ల నుంచి ఆ బంకతో కవర్లు అంటిస్తున్నానో నాకే తెలియదు.

అప్పటి నుంచి ఉత్తరాలు రాస్తున్నాను. ప్రతి ఎండాకాలం ఒకటి. ఇన్నేళ్లలో జవాబులు రెండు వచ్చాయి, రెండింటిలోనూ ఒకటే వాక్యం, మీ లేఖ సంబంధిత శాఖకు పంపడమైనది అని. ఆ సంబంధిత శాఖ ఎక్కడుందో కనుక్కుందామని రెండుసార్లు పట్నం తిరిగాను, ఒక గదిలో వాళ్లు ఇంకో గది చూపించారు.

ఈలోగా చెరువులొచ్చాయి. ఎవరినో అనడమెందుకు, మా ఊళ్లో మొదట చెరువు తవ్వింది మా బాబాయే. బోర్లతో ఉప్పునీళ్లు తోడి పెద్దరొయ్యల్ని పెంచారు, పంట తీసినప్పుడల్లా ఆ నీళ్లు కాలువలోకి వదిలారు. నేను అడ్డం పోతే, "నీ గోరంత రొయ్య కోసరం మా జానెడు రొయ్యని చంపమంటావా రా?" అన్నాడు. అందరూ అతని వైపే ఉన్నారు, వాళ్ల పిల్లల చదువులు ఆ చెరువుల మీదే సాగాయి మరి. నాలుగైదేళ్లకు కాలువ నీళ్లు నాలుకకు ఉప్పగా తగిలాయి. మామూలు రొయ్యలు తట్టుకున్నాయి. గాజురొయ్య ఒక్కటే పోయింది. భూతద్దం అక్కర్లేకుండానే రకం తేలిపోయింది, చూసేవాడు లేడు.

ఉప్పు ఇంకా ఎక్కని చోటు కాలువ పుట్టే ఆ గుంట ఒక్కటే. పోయిన వేసవిలో మా మేనకోడలు సెలవలకు వచ్చింది. కాలేజీలో జంతుశాస్త్రం చెబుతుంది, ఆ జాబితా చూపించింది కూడా అప్పుడే. ఇద్దరం చీర కొసలు పట్టుకొని గుంటలో దిగాం. మూడోసారి తోసినప్పుడు గుడ్డలో ఏదో మెరిసింది. నా కళ్లకు శుక్లాలు, సరిగ్గా తెలియలేదు. ఉంది మామా, కడుపు కింద గుడ్లున్నాయి, లావుగా ఉన్నాయి అని అది వంగి చూస్తూ అంది. సీసా తీయడానికి సంచిలో చెయ్యి పెట్టింది. అంతలో నా చెయ్యి దానంతటదే కొసను నీళ్లలోకి వంచేసింది.

నా మేనకోడలు ఖాళీ సీసాను సంచిలోకి తోసేసింది. "పంపించడానికి అదొక్కటీ ఉండాల్సింది మామా" అంది. తిట్టినా బాగుండేది. మళ్లీ ఎన్నిసార్లు తోసినా ఏమీ పడలేదు.

ఎందుకు వదిలానో ఆలోచిస్తే, నాకూ మా అవ్వకూ ఏం తేడా లేదనిపిస్తుంది. కాకపోతే ఆమె వదిలిన రోజుల్లో నీళ్లు ఉండేవి. వదిలింది మర్నాటికి ఎక్కడికీ పోదన్న ధీమా ఉండేది. ఇప్పుడు కాలువలోకి దిగే ఆడవాళ్లు లేరు, చీర పట్టడం తెలిసినవాళ్లూ లేరు, గాజురొయ్య అంటే చేతిగాజుల రకమా అని అడుగుతున్నారు మా వీధిలో. నేను పోతే ఆ పేరు కూడా నాతోనే పోతుంది.

ఎండాకాలం చివర గుంట పూడ్చే యంత్రం వస్తుందట. ఇంకా పది వారాలుంది. జాబితా రాసేవాళ్లు, ఆ సంబంధిత శాఖవాళ్లు, మీలో ఎవరైనా ఒక మనిషి రండి, గుంట నేను చూపిస్తాను, మీ చేతులతో పట్టుకొని మీ కళ్లతో చూసుకోండి. రానంటే, ఆ రొయ్య ఇక లేదని రాసి కింద సంతకం పెట్టండి. లేదని ఒప్పుకునే ధైర్యం, ఉందని వెతికే ఓపిక, రెండూ లేకుండా సమాచారం చాలదని రాసి కూర్చుంటే కుదరదు. నాకు జవాబు కావాలి. ఈసారి వేరే శాఖకు పంపకండి.